విడాకులకు చట్టంలో ఉన్న దారులు: మీకు సరిపోయేది ఎంచుకోవడం నుంచి డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) చేతికి వచ్చేవరకు

విడాకులు ఎలా తీసుకోవాలని అడిగేవారు దాదాపు అందరూ ఎంతకాలం పడుతుంది, ఎంత ఖర్చవుతుంది అనే దగ్గరే మొదలుపెడతారు. ఆ రెండింటికీ జవాబు మీరు ఏ చట్టం కింద, ఏ దారిలో కోర్టుకు వెళ్తున్నారనే దానిమీద ఆధారపడి ఉంటుంది. లాయరును మధ్యలో మార్చుకోవచ్చు గానీ, ఒకసారి దాఖలై విచారణకు వచ్చిన పిటిషన్‌లో వాక్యాన్ని మార్చడం అంత తేలిక కాదు. అందువల్ల ఈ వ్యాసంలో మొదటి కాగితం రాయకముందు చేయవలసిన పనులకే ఎక్కువ చోటు ఇచ్చాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో హిందూ వివాహ చట్టం కింద వేసే కేసులే ఎక్కువ కనుక వాటిని వివరంగా, మిగతావాటిని క్లుప్తంగా చెబుతాను. చట్టం పేరు చెప్పకుండా సెక్షన్ నంబరు మాత్రమే ఇచ్చిన చోట అది హిందూ వివాహ చట్టంలోదే.

1. మీ పెళ్లికి వర్తించే చట్టాన్ని ముందు తేల్చుకోండి

హిందూ, బౌద్ధ, జైన, సిక్కు సంప్రదాయాల్లో జరిగిన పెళ్లికి 1955 నాటి హిందూ వివాహ చట్టం వర్తిస్తుంది. రిజిస్ట్రారు ఆఫీసులో ముందుగా నోటీసు ఇచ్చి, మతంతో సంబంధం లేకుండా చేసుకున్న పెళ్లి అయితే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కిందకు వస్తుంది. గుడిలోనో కల్యాణ మండపంలోనో పెళ్లి చేసుకుని, తర్వాత సర్టిఫికెట్ కోసం రిజిస్టర్ చేయించుకున్నవారు తాము ప్రత్యేక వివాహ చట్టం కిందకు వచ్చామని పొరబడుతుంటారు. సర్టిఫికెట్ పైభాగంలో ఏ చట్టం పేరు ఉందో చదివితే ఈ అనుమానం తీరిపోతుంది.

క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం ఉంది. అందులోని 10-ఎ సెక్షన్ పరస్పర అంగీకారానికి ముందు రెండేళ్లు విడిగా ఉండాలంటుంది. ముస్లిం మహిళ 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద కోర్టుకు వెళ్లవచ్చు, లేదా ఖులా (భార్య తానే కోరి తీసుకునే విడాకులు) కోరవచ్చు. ఖులాకు భర్త సమ్మతి తప్పనిసరి కాదని తెలంగాణ హైకోర్టు 2025లో స్పష్టం చేసింది. ఒకే మారు మూడుసార్లు తలాక్ చెప్పడం 2019 చట్టం ప్రకారం చెల్లదు, అది నేరం కూడా.

షెడ్యూల్డ్ తెగలకు చెందినవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప హిందూ వివాహ చట్టం వారికి వర్తించదని ఆ చట్టంలోని 2(2) సెక్షన్ చెబుతోంది. వారి విషయంలో తెగ ఆచారమేమిటో, పెళ్లి ఏ పద్ధతిలో జరిగిందో లాయరుకు మొదటి రోజే చెప్పడం అవసరం.

ఇక పెద్దమనుషుల సమక్షంలో వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని, నోటరీ ముద్ర వేయించుకున్న విడాకుల మాట. ఆ కాగితంతో పెళ్లి రద్దు కాదు. కులాచారం ప్రకారం విడాకులు ఇచ్చుకునే పద్ధతిని 29(2) సెక్షన్ కాపాడుతున్నా, అలాంటి ఆచారం ఉందని, అది ఎంతోకాలంగా ఎడతెగకుండా నడుస్తోందని కోర్టులో సాక్ష్యంతో రుజువు చేయవలసినవారు దాన్ని చూపించుకునేవారే. ఆ కాగితం నమ్ముకుని రెండో పెళ్లి చేసుకుంటే మీద పడేది ద్విభార్యత్వం కేసు. అయినా ఆ కాగితాన్ని పారేయకండి. ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నారో చూపించడానికి అది పనికొస్తుంది.

2. దారులు ఎన్ని, దేన్ని ముందు చూడాలి

కింది ప్రశ్నలను ఇదే వరుసలో వేసుకోండి. మొదటిసారి అవును అన్న చోట ఆగి, ఆ భాగానికి వెళ్లండి.

☐ పెళ్లే చట్టప్రకారం చెల్లనిదా, లేక మోసంతోనో బలవంతంతోనో జరిగిందా? (7వ భాగం)
☐ ఇద్దరికీ విడిపోవడం ఇష్టమేనా, డబ్బు, పిల్లల విషయంలో మాట కుదురుతుందా? (4వ భాగం)
☐ ఒకరికే ఇష్టం ఉందా, చట్టంలో చెప్పిన కారణం ఏదైనా రుజువు చేయగలరా? (5వ భాగం)
☐ విడాకులకు మనసు ఇంకా సిద్ధంగా లేదా, విడిగా ఉండడానికి మాత్రం కోర్టు ఉత్తర్వు కావాలా? (6వ భాగం)

'ఇద్దరి మధ్య బంధం పూర్తిగా తెగిపోయింది' అన్నది ఈ జాబితాలో లేదు. హిందూ వివాహ చట్టంలో అది విడాకులకు కారణం కాదు. 2023 మే 1న శిల్పా శైలేష్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, రాజ్యాంగం 142వ అధికరణం కింద ఆ కారణంతో తాను విడాకులు ఇవ్వగలనని చెప్పింది. ఆ అధికారం సుప్రీంకోర్టుది మాత్రమే. ఫ్యామిలీ కోర్టుకూ హైకోర్టుకూ అది లేదు, కేవలం ఆ కోరికతో నేరుగా సుప్రీంకోర్టులో రిట్ వేయడమూ కుదరదు.

మరో పరిమితి ఉంది. పెళ్లయిన ఏడాదిలోపు విడాకుల పిటిషన్ తీసుకోరు. భరించరాని కష్టం లేదా ఎదుటివారి తీవ్రమైన దుష్ప్రవర్తన ఉంటే 14వ సెక్షన్ కింద ముందుగా అనుమతి కోరవచ్చు.

3. కోర్టుకు వెళ్లకముందు చేసుకోవలసిన సిద్ధం

కాగితాలు మీ చేతిలో ఉన్నప్పుడే ప్రతులు తీసుకోండి. ఇల్లు విడిచి వచ్చాక బీరువాలో ఉండిపోయిన పెళ్లి ఫొటో కోసం మధ్యవర్తులను పంపేవారు ఎందరో.

☐ పెళ్లి శుభలేఖ, ఇద్దరూ కనిపించే పెళ్లి ఫొటోలు, ఉంటే వివాహ ధ్రువపత్రం
☐ ఇద్దరి ఆధార్, పాన్, పాస్‌పోర్టు ప్రతులు
☐ పిల్లల జనన ధ్రువపత్రాలు, స్కూలు ఫీజు రసీదులు
☐ ఇద్దరూ చివరిగా కలిసి ఉన్న చిరునామాకు రుజువు
☐ మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు
☐ ఉమ్మడి అప్పులు, ఇంటి రుణం, చిట్టీలు, బీమా పాలసీల వివరాలు
☐ బంగారం, సారె సామాన్ల జాబితా, దొరికితే కొనుగోలు రసీదులు

బంగారాన్ని గ్రాముల్లో రాయండి. కోస్తాలో కాసు అంటే 8 గ్రాములు, తెలంగాణలో తులం అంటే ఇప్పుడు 10 గ్రాముల లెక్క. ఒకరిది రాజమండ్రి, ఒకరిది కరీంనగర్ అయిన జంట విషయంలో 'నలభై' అని మాత్రమే రాసి ఉంటే అది ఏ నలభయ్యో తేల్చడానికే రెండు వాయిదాలు పోతాయి. పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి ఉంటే సర్వే నంబరు, విస్తీర్ణం, పాస్ పుస్తకం ఎవరి పేరున ఉందో రాయండి. నోటిమాటగా ఇచ్చి, రిజిస్టర్ చేయకుండా వదిలేసిన భూములు ఈ దశలోనే తగాదాకు వస్తాయి.

తర్వాత ఒక తేదీల పట్టిక రాసుకోండి. పెళ్లి తేదీ, కాపురం పెట్టిన ఊళ్లు, పిల్లల పుట్టిన తేదీలు, ముఖ్యమైన గొడవలు, పెద్దల మాటలు, విడిపోయిన రోజు. ఒకటి రెండు పేజీల ఈ పట్టిక లాయరుకు మీరు గంటసేపు చెప్పే కథ కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఎక్కడ వేయాలన్నది 19వ సెక్షన్ చెబుతుంది. పెళ్లి జరిగిన చోట, ఎదుటివారు ఉంటున్న చోట, ఇద్దరూ చివరిగా కలిసి ఉన్న చోట వేయవచ్చు. పిటిషన్ వేసేది భార్య అయితే ఆమె ప్రస్తుతం ఉంటున్న ఊళ్లోనూ వేయవచ్చు. ఫ్యామిలీ కోర్టు ఉన్న చోట అక్కడ, లేనిచోట సాధారణంగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో దాఖలు చేస్తారు. మీ కేసుకు ఎఫ్‌సీఓపీ లేదా హెచ్‌ఎంఓపీ నంబరు పడుతుంది. దానితోపాటు వచ్చే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరును ఫోన్లో భద్రపరచుకుంటే వాయిదాలను ఈ-కోర్ట్స్ యాప్‌లో మీరే చూసుకోవచ్చు.

లాయరు ఫీజు భరించలేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఆ సంస్థల హెల్ప్‌లైన్ 15100. ఇంట్లో హింస ఉంటే విడాకుల ఆలోచన పక్కనబెట్టి ముందు 181కి ఫోన్ చేయండి. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు, ఇంట్లో నివసించే హక్కు, భరణం విడాకులతో పనిలేకుండానే కోరవచ్చు.

4. పరస్పర అంగీకార విడాకులు: అంచెలంచెలుగా

జనం మ్యూచువల్ అని పిలిచేది దీన్నే. చట్టంలో 13-బి సెక్షన్. ఇందులో ఇద్దరూ కోర్టు ముందుకు వచ్చే రెండు దశలను మొదటి మోషన్, రెండో మోషన్ అంటారు. మూడు విషయాలు ఉండాలి: కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి, కలిసి బతకలేని పరిస్థితి ఉండాలి, పెళ్లి రద్దు చేసుకుందామని ఇద్దరూ ఒప్పుకోవాలి. విడిగా ఉండడమంటే వేర్వేరు ఇళ్లలో ఉండడమే కానక్కర్లేదు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తలుగా మెలగకపోతే విడిగా ఉన్నట్టేనని 1991లో సురేష్టాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అద్దె కట్టలేక ఒకే ఫ్లాట్‌లో వేర్వేరు గదుల్లో ఉంటున్న ఉద్యోగ దంపతులకు ఈ మాట ముఖ్యం.

అంచె 1: ఒప్పంద పత్రం. ఈ దారిలో అసలు పని ఇదే. తొందరపడి రాసిన ఒప్పందంలో ఇలాంటి వాక్యం కనిపిస్తుంది:

'భార్యకు న్యాయమైన భరణం చెల్లించుటకు భర్త అంగీకరించినాడు.'

ఎంత, ఎప్పుడు, ఎలా అన్నవి లేవు కనుక ఇందులో అమలు చేయించుకోగలిగినది ఏమీ లేదు. ఉదాహరణకు అంకెలు వేసి అదే విషయాన్ని ఇలా రాయాలి:

'శాశ్వత భరణం మొత్తం 12,00,000 రూపాయలు. ఇందులో 5,00,000 రూపాయలు మొదటి మోషన్ రోజున, మిగిలిన 7,00,000 రూపాయలు రెండో మోషన్ రోజున కోర్టు సమక్షంలో, భార్య పేరిట తీసిన డిమాండ్ డ్రాఫ్టుల రూపంలో ఇవ్వాలి. రెండో మోషన్ జరగకపోతే మొదటి విడత సొమ్ము సంగతి ఈ కింది విధంగా ఉంటుంది.'

చివరి వాక్యం రాయడానికి చాలామంది మొహమాటపడతారు. నా దృష్టిలో ఒప్పందంలో అన్నిటికంటే విలువైన వాక్యం అదే.

ఒప్పందంలో తప్పక ఉండవలసినవి:

☐ భరణం మొత్తం, విడతలు, చెల్లించే పద్ధతి
☐ పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, రెండోవారు ఏ రోజుల్లో ఎంతసేపు చూస్తారు, దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు ఎలా పంచుకుంటారు
☐ స్కూలు, కాలేజీ ఫీజులు, వైద్య ఖర్చు ఎవరు భరిస్తారు, ఏటా ఎంత పెరుగుతుంది
☐ పిల్లల పాస్‌పోర్టుకు, విదేశీ ప్రయాణానికి రెండోవారి సంతకం ఎలా ఇస్తారు
☐ బంగారం, సారె తిరిగి ఇచ్చే తేదీ, జాబితా జతచేయాలి
☐ ఉమ్మడి ఇల్లు, ఇంటి రుణం ఎవరికి
☐ నడుస్తున్న కేసులన్నీ నంబర్లతో సహా, ఒక్కొక్కటి ఎలా ముగుస్తుందో

ఇంటి విషయంలో ఇద్దరు ఒప్పుకున్నంత మాత్రాన బ్యాంకు ఒప్పుకున్నట్టు కాదు. ఉమ్మడి రుణంలో మీ పేరు ఉన్నంతకాలం వాయిదా తప్పితే బ్యాంకు మిమ్మల్నీ అడుగుతుంది. పేరు తొలగించమనో, రుణం మార్చమనో బ్యాంకుకు ముందే రాయాలి. ఇల్లు ఒకరి నుంచి ఒకరికి మారేటప్పుడు విడుదల పత్రమో దాన పత్రమో రిజిస్టర్ చేయించుకోవడం క్షేమం. కేసులో విషయమే కాని ఆస్తిని డిక్రీలో ఒక వాక్యంగా చేర్చి వదిలేస్తే రిజిస్ట్రేషన్ ఆఫీసులో అది నిలవదు.

వేధింపుల కేసు ఉంటే, అది ఆ కోర్టులోనే రాజీపడి ముగుస్తుందా, హైకోర్టులో కొట్టివేత పిటిషన్ వేయాలా, దానికి ఫిర్యాదుదారు ఎప్పుడు అఫిడవిట్ ఇస్తారు అన్నవి విడిగా రాయండి. 'కేసులన్నీ ఉపసంహరించుకుంటాను' అన్న ఒక్క మాటతో క్రిమినల్ కేసు ఆగదు.

అంచె 2: మొదటి మోషన్. ఇద్దరూ కలిసి ఒకే పిటిషన్ వేస్తారు. కోర్టు ఇద్దరి మాటలు విని, అఫిడవిట్లు చూసి, కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. దాన్ని తంతుగా భావించకండి. సందర్శన రోజుల వంటి చిన్న తగువులు అక్కడే తీరిన సందర్భాలు ఉంటాయి.

అంచె 3: ఆరు నెలల గడువు. పిటిషన్ వేసిన ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలల లోపు ఇద్దరూ రెండో మోషన్‌కు రావాలి. ఈ ఆరు నెలలను మాఫీ చేసే వీలు ఉందని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకు నాలుగు విషయాలు చూపాలి: మొదటి మోషన్‌కు ముందే ఏడాదికి అదనంగా ఆరు నెలలు కూడా గడిచి ఉండాలి, అంటే మొత్తం ఏడాదిన్నర. రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి. భరణం, పిల్లలు, మిగతా విషయాలు నిజంగా పరిష్కారమై ఉండాలి. ఇంకా ఆగితే బాధ పెరగడమే తప్ప ప్రయోజనం లేకపోవాలి. మొదటి మోషన్ అయిన వారం తర్వాత మాఫీ కోసం దరఖాస్తు వేయవచ్చు. మాఫీ మీ హక్కు కాదు, కోర్టు విచక్షణ. వీసా తేదీనో ముహూర్తమో కారణంగా చూపితే నెగ్గుతుందని లెక్క వేసుకోకండి.

అంచె 4: రెండో మోషన్. ఆ రోజు జరిగేది పది నిమిషాల పని. న్యాయమూర్తి ఒక్కొక్కరినీ విడిగా అడుగుతారు: ఇది మీ ఇష్టంతోనేనా? ఎవరైనా ఒత్తిడి చేశారా? డీడీ అందిందా? పిల్లల సంగతి ఏమని ఒప్పుకున్నారు? జవాబు మీరే చెప్పాలి, పక్కన నిలబడ్డ నాన్నగారో అన్నయ్యో చెప్పకూడదు. 'మా వాళ్లు ఒప్పుకోమన్నారు' అంటే విషయం మళ్లీ మొదటికి వస్తుంది.

డిక్రీ వచ్చేలోపు ఎవరైనా సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు ఈ పిటిషన్ మీద విడాకులు రావు. సొమ్మును విడతలుగా పెట్టుకోవాలనీ, ఆరు నెలల్లో ఒకరి మీద ఒకరు కొత్త కేసులు, కొత్త మాటలు పెట్టుకోవద్దనీ చెప్పేది అందుకే.

5. ఒకరే వేసే విడాకుల కేసు

రెండోవారు ఒప్పుకోనప్పుడు 13(1) సెక్షన్‌లోని కారణాల్లో కనీసం ఒకటి రుజువు చేయాలి: వివాహేతర సంబంధం, క్రూరత్వం, పిటిషన్‌కు ముందు వరుసగా రెండేళ్లు విడిచిపెట్టడం, మతం మారడం, కాపురం చేయలేనంత తీవ్ర మానసిక వ్యాధి, అంటుకునే సుఖవ్యాధి, సన్యాసం, ఏడేళ్లుగా ఆచూకీ లేకపోవడం. కుష్ఠువ్యాధిని 2019లో తొలగించారు. పాత పుస్తకాల్లో చూసి దాన్ని ఇంకా చెప్పేవారు ఉన్నారు. భార్యకు 13(2) కింద అదనపు కారణాలు ఉన్నాయి. ఉదాహరణకు, భరణం ఉత్తర్వు వచ్చాక ఏడాదిపాటు కాపురం మళ్లీ మొదలవకపోతే ఆమె విడాకులు కోరవచ్చు. పదిహేనేళ్ల లోపు పెళ్లి చేసి ఉంటే, పదిహేను నిండాక, పద్దెనిమిది నిండకముందు ఆ పెళ్లిని తిరస్కరించినదీ కారణమే.

కేసులన్నిటిలో ఎక్కువ కనిపించేది క్రూరత్వం. ఏది మానసిక క్రూరత్వమో 2007లో సమర్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు ఉదాహరణలతో చెప్పి, అది పూర్తి జాబితా కాదనీ అంది. మామూలు చిరాకులు, కాపురంలో వచ్చే రోజువారీ మాటపట్టింపులు చాలవు. మీ పిటిషన్‌లోని పేరాలు ఎలా ఉండాలో ఒక పోలికతో చూడండి.

బలహీనమైనది: 'ప్రతివాది పిటిషనరును పెళ్లయిన నాటి నుంచి మానసికంగా, శారీరకంగా వేధించినాడు.'

బలమైనది: 'ఫలానా తేదీ రాత్రి పది గంటలకు, కూకట్‌పల్లిలోని అద్దె ఇంట్లో, పిటిషనరు తల్లి సమక్షంలో ప్రతివాది ఆమె ఫోన్ పగలగొట్టి, తలుపు బయట నిలబెట్టినాడు. మరుసటి ఉదయం పిటిషనరు తండ్రి వచ్చి ఆమెను తీసుకువెళ్లినాడు.'

రెండోదానిలో తేదీ, చోటు, సాక్షి ఉన్నాయి. అలాంటి నాలుగు సంఘటనలు, వివరాలు లేకుండా రాసిన నలభై ఆరోపణలకన్నా మేలు. రుజువు చేయలేని అక్రమ సంబంధాల మాట రాయకండి. నిరాధారంగా అలా రాయడం మీరు చేసిన క్రూరత్వంగా ఎదురు తిరగవచ్చు.

కేసు నడిచే వరుస ఇది:

☐ పిటిషన్, వకాలత్ (లాయరుకు ఇచ్చే అధికార పత్రం), అఫిడవిట్ దాఖలు, నంబరు
☐ సమన్లు, ప్రతివాది హాజరు
☐ కౌన్సెలింగ్ లేదా మధ్యవర్తిత్వం
☐ కౌంటరు (ప్రతివాది రాసిచ్చే జవాబు), ఇద్దరి ఆస్తులు, ఆదాయం, అప్పుల అఫిడవిట్లు
☐ మధ్యంతర భరణం, పిల్లలను చూడడానికి ఐ.ఏ.లు (కేసు నడుస్తుండగా వేసే దరఖాస్తులు)
☐ మీ చీఫ్ అఫిడవిట్ (ప్రమాణంతో రాసిచ్చే మీ సాక్ష్యం), పత్రాలను ఎగ్జిబిట్లుగా గుర్తించడం, క్రాస్ ఎగ్జామినేషన్
☐ ఎదుటివారి సాక్ష్యం, వాదనలు, తీర్పు

చట్టం ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయమంటుంది. ఆచరణలో ఏళ్లు పడుతుంది. అందువల్ల మధ్యంతర భరణాన్ని మొదటి వాయిదాలోనే అడగండి. 24వ సెక్షన్ కింద భార్యే కాదు, ఆదాయం లేని భర్త కూడా అడగవచ్చు. 2020లో రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని, భరణం దరఖాస్తు చేసిన తేదీ నుంచి లెక్కగట్టాలని ఆదేశించింది. అంటే మీరు ఆలస్యంగా అడిగిన ప్రతి నెలా పోయినట్టే. విడాకుల కేసు లేకుండా కూడా భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్) భరణం అడగవచ్చు.

వాట్సాప్ సందేశాలు, రికార్డింగులు ఇవ్వదలిస్తే ఫోన్‌ను అలాగే ఉంచండి. ప్రింటుతోపాటు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన సంభాషణను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని ఆసరా చేసుకుని ముక్కలు కత్తిరించిన ఆడియో ఇస్తే క్రాస్‌లో మీరే ఇరుక్కుంటారు.

గొడవ తర్వాత మళ్లీ కలిసి కాపురం చేస్తే, అంతకు ముందు జరిగిన క్రూరత్వాన్ని మన్నించారన్న వాదన వస్తుంది. తర్వాత మళ్లీ జరిగినదేమిటో పిటిషన్‌లో తప్పక చెప్పాలి.

6. న్యాయపరమైన ఎడబాటు

10వ సెక్షన్ కింద వచ్చే ఈ డిక్రీతో పెళ్లి రద్దు కాదు, కలిసి ఉండవలసిన బాధ్యత మాత్రం ఉండదు. కారణాలు విడాకులకు ఉన్నవే. డిక్రీ తర్వాత ఏడాదిపాటు కాపురం మొదలవకపోతే ఇద్దరిలో ఎవరైనా 13(1-ఎ) కింద విడాకులు అడగవచ్చు. కాపురానికి రమ్మని 9వ సెక్షన్ కింద వచ్చిన డిక్రీ విషయంలోనూ ఇదే నియమం. అందుకే మీకు 9వ సెక్షన్ నోటీసు వస్తే 'వెళ్లకపోతే ఏమవుతుందిలే' అని ఊరుకోకండి. ఎందుకు వెళ్లలేరో కౌంటరులో చెప్పకపోతే ఏడాది తర్వాత అదే మీ మీద విడాకులకు ఆధారమవుతుంది.

7. పెళ్లి చెల్లదని ప్రకటించుకోవడం

మొదటి భార్య లేదా భర్త బతికి ఉండగా, విడాకులు లేకుండా జరిగిన పెళ్లి 11వ సెక్షన్ కింద మొదటి నుంచీ చెల్లదు. నిషిద్ధ బంధుత్వంలో జరిగినదీ అంతే. కానీ మన దగ్గర మేనమామతోనో మేనబావతోనో చేసే పెళ్లిళ్లను ఆచారం ఒప్పుకుంటుంది కనుక చట్టమూ ఒప్పుకుంటుంది. మేనరికమని చెప్పి పెళ్లి కొట్టివేయించుకుందామన్న సలహా ఎవరైనా ఇస్తే నమ్మకండి.

12వ సెక్షన్ కింద నపుంసకత్వం, మోసం లేదా బలవంతం, పెళ్లినాటికే వేరొకరి వల్ల గర్భం వంటి కారణాలతో రద్దు కోరవచ్చు. ఇక్కడ గడువే ప్రాణం. మోసం బయటపడిన ఏడాదిలోపు వేయాలి, బయటపడ్డాక ఇష్టంగా కాపురం చేసి ఉండకూడదు. గర్భం కారణమైతే పెళ్లయిన ఏడాదిలోపే. బాల్యవివాహమైతే 2006 చట్టం కింద, చిన్న వయసులో పెళ్లయినవారు మేజరు అయిన రెండేళ్లలోపు రద్దు కోరవచ్చు. ఈ అన్ని సందర్భాల్లోనూ పిల్లలు చట్టబద్ధ సంతానమే.

8. ఒకరో ఇద్దరో విదేశంలో ఉంటే

తిరుపతిలో 1975లో పెళ్లి చేసుకున్న ఒక జంటలో భర్త అమెరికాలోని మిస్సోరిలో విడాకులు తెచ్చుకుని, తర్వాత యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో వై. నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. డల్లాస్ నుంచీ న్యూజెర్సీ నుంచీ డిక్రీతో వచ్చేవారు ముందు చదవవలసిన తీర్పు ఇది.

విదేశీ డిక్రీ ఇక్కడ నిలవాలంటే, ఆ తీర్పు ప్రకారం, పెళ్లి జరిగిన చట్టంలోని కారణం మీదే వచ్చి ఉండాలి. ప్రతివాది అక్కడే స్థిరంగా ఉండడమో, ఇష్టపూర్వకంగా ఆ కోర్టుకు వచ్చి వాదించడమో, విడాకులకు ఒప్పుకోవడమో జరిగి ఉండాలి. 'సరిదిద్దలేని విభేదాలు' అన్న కారణం మీద ఒకరే తెచ్చుకున్న డిక్రీ సాధారణంగా ఇక్కడ పనికిరాదు. ఇద్దరూ ఒప్పుకున్నట్టయితే ఇక్కడే 13-బి కింద వేయడం మేలు.

ఎదుటివారు దేశం వెలుపల ఉంటే మీరు ఉంటున్న ఊళ్లోనే పిటిషన్ వేయవచ్చు. మీరే విదేశంలో ఉంటే కుటుంబ సభ్యునికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. దాన్ని భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించుకుని, ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. చివరి వాంగ్మూలానికి వీడియో కాన్ఫరెన్స్ కోరుతూ ఐ.ఏ. వేయండి.

9. తరచుగా జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే తీరు

సమన్లు తీసుకోకపోవడం. 'తీసుకోకపోతే కేసు నడవదు' అన్నది అపోహ. కోర్టు ఎక్స్‌పార్టీగా, అంటే మీరు లేకుండానే, తీర్పు ఇస్తుంది. అలా జరిగితే 30 రోజుల్లోపు డిక్రీ రద్దుకు దరఖాస్తు వేయాలి. సమన్లు నిజంగా అందకపోతే, తెలిసిన రోజు నుంచి లెక్క.

తప్పుడు చిరునామా ఇచ్చి ఎక్స్‌పార్టీ తెచ్చుకోవడం. రెండో పెళ్లయ్యాక అది బయటపడితే మూడు కుటుంబాలు నష్టపోతాయి. ఇంటి చిరునామాతోపాటు ఆఫీసు చిరునామా కూడా ఇవ్వండి.

దూరపు ఊళ్లో వేసిన కేసుకు వెళ్లలేక వదిలేయడం. ఒకే రాష్ట్రంలో అయితే హైకోర్టులో, రెండు రాష్ట్రాల మధ్య అయితే సుప్రీంకోర్టులో బదిలీ పిటిషన్ వేయవచ్చు. హైదరాబాద్, విజయవాడల మధ్య కేసు ఇప్పుడు రెండో కోవలోకి వస్తుంది.

పిల్లలను చూపకపోవడం. భరణం రాలేదని సందర్శన ఆపడం, చూపలేదని భరణం ఆపడం రెండూ తప్పే. ఒక్కోదానికి విడి దరఖాస్తు ఉంది. అయిదేళ్ల లోపు పిల్లల సంరక్షణ మామూలుగా తల్లికే ఇస్తారు. ఆ పైన పిల్లల మేలే కొలత.

10. డిక్రీ వచ్చాక

తీర్పు, డిక్రీ రెండింటికీ సర్టిఫైడ్ కాపీలు కనీసం మూడేసి తీసుకోండి. వీసాకు, బ్యాంకుకు, పాస్‌పోర్టుకు జిరాక్స్ పనికిరాదు. పేర్ల అక్షరాలు, పెళ్లి తేదీ సరిగ్గా ఉన్నాయో అక్కడే చూసుకోండి. తప్పుంటే సవరణ దరఖాస్తు వెంటనే వేయాలి.

అంగీకార డిక్రీ మీద అప్పీలు ఉండదు. పోరాడి తెచ్చుకున్న డిక్రీ మీద అప్పీలుకు ఫ్యామిలీ కోర్టుల చట్టం 30 రోజులు, హిందూ వివాహ చట్టం 90 రోజులు అంటున్నాయి. అప్పీలు వేసేవారు 30 రోజుల్లో వేయడం, మళ్లీ పెళ్లి చేసుకునేవారు 90 రోజులూ దాటేదాకా ఆగడం క్షేమం. ఆగాక కూడా హైకోర్టు వెబ్‌సైట్‌లో ఎదుటివారి పేరుతో వెతికి, అప్పీలు పడలేదని చూసుకున్నాకే ముహూర్తం పెట్టించుకోండి.

☐ బ్యాంకు ఖాతాలు, బీమా, పీఎఫ్ నామినీల మార్పు
☐ ఉమ్మడి ఖాతాలు, లాకర్ మూసివేత
☐ పాస్‌పోర్టు, ఆధార్, రేషన్ కార్డులో వివరాల మార్పు
☐ ఇంటి పత్రాల రిజిస్ట్రేషన్, రుణం మార్పిడి
☐ ఒప్పందంలో చెప్పిన ప్రతి క్రిమినల్, భరణం కేసు ముగిసినట్టు ఉత్తర్వు ప్రతి
☐ పిల్లల స్కూలుకు సంరక్షణ ఉత్తర్వు ప్రతి, ఎవరు తీసుకెళ్లవచ్చో తెలిపే లేఖ